తెనాలి తాలూకా బోర్డు తీర్మానాల పుస్తకాలు ఎక్కడ ఉన్నాయి?

మద్రాసు ప్రెసిడెన్సీలో 1934లో రద్దయిన తాలూకా బోర్డులలో ఒకటైన తెనాలి తాలూకా బోర్డు చరిత్ర రాసే ప్రయత్నంలో ఉన్నాను. పల్లెల రోడ్లు, ప్రాథమిక పాఠశాలలు, సత్రాలు ఈ బోర్డుల చేతిలోనే ఉండేవి కనుక, 1920 నాటి స్థానిక బోర్డుల చట్టం తర్వాత బోర్డు సమావేశాలలో ఏం నిర్ణయించారో తెలిపే తీర్మానాల పుస్తకాలే నాకు ముఖ్యం.

ఎనిమిది నెలలుగా వెతుకుతున్నాను. ఫోర్ట్ సెయింట్ జార్జ్ గెజిట్ పాత సంచికలలో నియామకాలు, ఎన్నికల ప్రకటనలు మాత్రమే కనిపించాయి. చెన్నై ఎగ్మూరులోని తమిళనాడు ప్రాచీన పత్రాల భాండాగారంలో స్థానిక స్వపరిపాలన శాఖ జీవోల సూచికలు 1921 నుండి 1934 వరకు చూశాను. బోర్డు పేరున్న జీవోలు దొరికాయి గాని, అవి ప్రభుత్వం ఇచ్చిన జవాబులే తప్ప బోర్డు సొంత రికార్డులు కావు. జిల్లాలోని ఒక కార్యాలయంలో అడిగితే పాత కాగితాలు చెదలు పట్టి పోయాయన్నారు, కానీ జాబితా చూపలేదు. ఆ మాటతో వెతుకులాట ఆపడానికి మనసు ఒప్పడం లేదు.

బోర్డు రద్దయ్యాక దాని బాధ్యతలు గుంటూరు జిల్లా బోర్డుకు చేరాయి. ఆ జిల్లా బోర్డు పాత దస్త్రాలలో తాలూకా బోర్డుల తీర్మానాల పుస్తకాలను స్వయంగా చూసినవారు ఉంటే, అవి ఏ కార్యాలయంలో, ఏ పేరుతో భద్రపరిచి ఉన్నాయో చెప్పగలరా?