నాన్న ఈపీలకు మోనో కార్ట్రిడ్జ్ కొనాలా, ఉన్నదానితో నడుస్తుందా?

తెనాలి అమ్మాయి

నమస్కారం అండీ. పోయినేడు మా నాన్న కాలం చేశారు. తెనాలి ఇంట్లో ఆయన అట్టపెట్టె ఉంటే హైదరాబాద్ తెచ్చుకున్నాను. నలభై రెండు ఈపీలు (ఒకటి రెండు పాటలుండే చిన్న రికార్డులు), ఆరు ఎల్పీలు (పెద్దవి), పదకొండు 78 ప్లేట్లు (నిమిషానికి 78 చుట్లు తిరిగే పాతవి). ఈపీలు దాదాపు అన్నీ 1960ల సినిమా పాటలే, అన్నీ మోనో, అంటే రెండు స్పీకర్లలోనూ ఒకే శబ్దం. ప్రతి కవరు వెనకా నాన్న నీలం సిరాతో కొన్న తేదీ, ఊరు రాసుకున్నారు. 78ల్లో రెండు టంగుటూరి సూర్యకుమారి గారివి.

నా దగ్గర రికార్డు ప్లేయర్ ఆడియో టెక్నికా ఎల్పీ120ఎక్స్ యూఎస్‌బీ ఉంది, దానితో వచ్చిన వీఎం95ఈ కార్ట్రిడ్జే (ముల్లు బిగించి ఉండే, దాని కదలికను శబ్దంగా మార్చే భాగం) వాడుతున్నాను. ఎల్పీలు బాగానే పలుకుతున్నాయి. ఈపీలు పెడితే మాత్రం చిటపటలు, వెనక ఏదో గరగర. ఘంటసాల గారి గొంతులో ‘స’, ‘శ’ వచ్చిన చోటల్లా శబ్దం చీలిపోతోంది, రెండో పాట చివరికొచ్చేసరికి మరీ ఎక్కువ. ఇక్కడ ఒక షాపతను, స్టీరియో ముల్లుతో మోనో రికార్డులు పాడైపోతాయి, వెంటనే మోనో కార్ట్రిడ్జ్ కొనండి అన్నాడు. అప్పట్నుంచి టెన్షన్‌తో పెట్టె ముట్టుకోలేదు. పదిహేను వేల దాకా పెట్టగలను. ఏం కొనమంటారు?

గుంటూరు రేడియో మెకానిక్

అమ్మా, ముందు ఆ భయం వదిలెయ్యి. సరైన బరువుతో, అరగని ముల్లుతో వాయిస్తే స్టీరియో కార్ట్రిడ్జ్ వల్ల మోనో రికార్డుకి ఏమీ కాదు. ప్రమాదం దానికి తిరగేసి ఉంది. పైకీ కిందికీ కదలని పాతకాలపు మోనో కార్ట్రిడ్జ్‌తో స్టీరియో రికార్డు వాయిస్తే గాడి గీరుకుపోతుంది. నీ ఎల్పీల్లో స్టీరియోవి ఉంటే వాటిని విడిగా పెట్టుకో.

నేను 1979 నుంచి 2011 దాకా గుంటూరులో రేడియో రిపేరు షాపు నడిపాను. హెచ్.ఎం.వి. ఫియెస్టాలు, ఫిలిప్స్ ప్లేయర్లు ఎన్ని విప్పానో లెక్క లేదు. వాటిలో సిరామిక్ కార్ట్రిడ్జ్, దానికో చిన్న మీట. ఒక వైపు తిప్పితే 78 ముల్లు, రెండో వైపు తిప్పితే ఎల్పీ ముల్లు. ముల్లు అరిగి జారుతుంటే కొత్తది వేయించరు, ఆర్మ్ తల మీద పావలా బిళ్ళ పెట్టి వాయిస్తారు. నా దగ్గరికొచ్చిన ప్లేయర్లలో సగం బిళ్ళ అంటించుకునే వచ్చేవి. మీ ఇంట్లోనూ అదే జరిగి ఉంటే ‘స’ చీలడానికి సగం కారణం అదే, దాన్ని ఏ కార్ట్రిడ్జూ పూర్తిగా బాగు చెయ్యలేదు. మిగతా సగం మన చేతిలో ఉంది.

మోనో గాడి పక్కలకే వంకర్లు తిరుగుతుంది. ముల్లు ఎడమకీ కుడికీ ఊగితే పాట. పైకీ కిందికీ ఎగిరితే అది దుమ్ము, గీత, మోటారు గురగుర. 1958లో వచ్చిన స్టీరియో రికార్డుల్లో ఆ పైకీ కిందికీ కదలికలో కూడా సంగీతమే ఉంది కాబట్టి నీ వీఎం95ఈ దాన్నీ జాగ్రత్తగా పట్టుకుని స్పీకర్లకు పంపుతుంది. మోనో రికార్డు మీద అలా పంపేదంతా చెత్తే. రెండు ఛానళ్లూ కలిపేస్తే ఆ చెత్తలో చాలా భాగం ఒకదాన్నొకటి కొట్టేసుకుంటుంది. యాంప్లిఫయర్‌కి మోనో బటన్ ఉందేమో చూడు. లేకపోతే యూఎస్‌బీతో కంప్యూటర్‌లోకి ఎక్కించి, ఆడాసిటీ అనే సౌండ్ ఎడిటింగ్ ప్రోగ్రాంలో రెండు ఛానళ్లనీ మోనోగా కలుపు. ఖర్చు సున్నా.

ఒక్కసారి ఇది కూడా చేసి చూడు. ఒక ఛానల్‌ని ఇన్వర్ట్ (తలకిందులు) చేసి అప్పుడు కలుపు. పాట దాదాపు మాయమై చిటపటలూ గరగరా మిగులుతాయి. ఇన్నాళ్లూ పాటతో పాటు నువ్వు వింటున్నది అదే. నేను మొదటిసారి విన్నప్పుడు చాలాసేపు అలా కూర్చుండిపోయాను, ముప్పై ఏళ్ల పనిలో ఈ ముక్క నాకెవరూ చెవికి వినిపించి చెప్పలేదని.

తర్వాత ముల్లు సైజు. మోనో ఎల్పీల కాలంలో ముల్లు కొన 1 మిల్ (అంగుళంలో వెయ్యో వంతు), అంటే 25 మైక్రాన్లు, గుండ్రంగా ఉండేది. స్టీరియోకి 0.7 మిల్‌కి తగ్గించారు. నీ ‘ఈ’ ముల్లు కోడిగుడ్డు ఆకారం, ఒక పక్క 0.3 మిల్ మాత్రమే. అరిగిన గాడిలో అది ప్రతి గాయాన్నీ చదువుతుంది. అదే బాడీకి గుండ్రటి వీఎంఎన్95సీ ముల్లు దొరుకుతుంది, వరసలో అన్నిటికన్నా చవక. వేలితో లాగి మార్చుకోవచ్చు. కొన్ని ఈపీలకు అది నయం, కొన్నిటికి పాతదే నయం. గాడి ఏ ఎత్తులో అరిగిందో దాన్నిబట్టి ఉంటుంది, రెండూ పెట్టి వినాల్సిందే.

రెండో పాట చివర ఎక్కువ చీలుతోందన్నావు చూడు, అక్కడ లేబుల్ దగ్గరయ్యే కొద్దీ ముల్లు కింద గాడి నెమ్మదిగా కదులుతుంది. కార్ట్రిడ్జ్ కోణం కొంచెం తేడాగా ఉన్నా అక్కడే బయటపడుతుంది. ప్రొట్రాక్టర్ (ఆ కోణం చూసే గీతల కాగితం) ప్రింట్ తీసి సరిచూడు.

78ల జోలికి మాత్రం ఈ ముల్లుతో వెళ్లకు. వాటి గాడి వెడల్పు, దానికి 3 మిల్ కావాలి. చిన్న ముల్లు గాడి అడుగున పడి దొర్లుతుంది. మా మావయ్య ఇచ్చిన ప్లేటు మీద నేనే ఆ పని చేసి చూశాను, పాట కన్నా ఇసుక మీద నడిచిన చప్పుడే ఎక్కువ. నీ బాడీకే వీఎంఎన్95ఎస్పీ వస్తుంది. దానికి 5 గ్రాముల బరువు పెట్టాలి, నీ ఆర్మ్ మీద స్కేలు 4 దాకానే ఉంటుంది. వెనక బరువుని ఒక చుట్టు దాటించి, చిన్న డిజిటల్ కాటా మీద కొలిచి పెట్టు. మళ్లీ ఈపీకి మారేటప్పుడు 2 గ్రాములకు దించడం మర్చిపోవద్దు.

ఎడిసన్ న్యూజెర్సీ

మెకానిక్ గారు చెప్పినదంతా నిజం. మోనో కార్ట్రిడ్జ్ అసలు దండగ అని మాత్రం ఎవరూ అనుకోకూడదని రాస్తున్నాను. నేను ఆర్టోఫాన్ 2ఎం మోనో, డెనాన్ డీఎల్-102 రెండూ వాడాను. 2ఎం మోనో 1.8 గ్రాములతో నడుస్తుంది, ఏ మామూలు ఆర్మ్‌కైనా ఒప్పుతుంది, స్టీరియో రికార్డుకీ హాని చెయ్యదు. డెనాన్‌కి 3 గ్రాములు, కొంచెం బరువైన ఆర్మ్ ఉంటే బాగుంటుంది. దాని వెనక రెండే పిన్నులు. రెండు స్పీకర్లకీ వెళ్లేలా వైర్లు కలిపిన రోజు నాకు గుయ్యిమని హమ్ వచ్చింది. మూడు రాత్రులు కుస్తీ పట్టాక ఒక ఛానల్ గ్రౌండ్ తీసేస్తే ఆగింది. ఆ తర్వాత గొంతు గదిలో నడిమధ్య నిలబడినట్టు వచ్చింది, ఆ నిండుతనం కలిపిన స్టీరియోలో నాకు దొరకలేదు. అయినా పదిహేను వేలే ఉంటే నేనూ ముందు ముళ్లే కొంటాను.

గుంటూరు రేడియో మెకానిక్

ఆ మాట కాదనను బాబూ.

అమ్మా, ఒకటి మర్చిపోయాను. 78లు లక్కతో చేసినవి. స్పిరిట్ కానీ, ఆల్కహాల్ కలిపిన రికార్డు క్లీనర్ కానీ తగిలితే పైపొర కరిగిపోతుంది. డిస్టిల్డ్ వాటర్, ఒక్క చుక్క మెత్తటి సబ్బు, లేబుల్ తడవకూడదు. వాయించేటప్పుడు మూగగా అనిపిస్తే ట్రెబుల్ పెంచు. నీ ప్లేయర్‌లోని ఫోనో స్టేజ్ (కార్ట్రిడ్జ్ సిగ్నల్ పెంచే సర్క్యూట్) 1954 తర్వాతి ఆర్ఐఏఏ (రికార్డుల స్వరాల సర్దుబాటు ప్రమాణం) లెక్క ప్రకారం పై స్వరాల్ని తగ్గిస్తుంది, పాత ప్లేట్లకు అంత తగ్గింపు అక్కర్లేదు.

తెనాలి అమ్మాయి

అందరికీ థాంక్స్ అండీ. మాస్టారూ, మీరు చెప్పినట్టే రాత్రి ఒక ఈపీ ఎక్కించి రెండు ఛానళ్లూ కలిపాను. గరగర సగానికి పైగా పోయింది, ఇల్లంతా పిలిచి వినిపించాను. ఇన్వర్ట్ చేసి కూడా విన్నాను. ఆ చిటపటల మధ్య ఒక చోట టక్కున పెద్ద చప్పుడు, చుట్టుకొకసారి వస్తోంది. రికార్డు తీసి చూస్తే అడ్డంగా గీత. కవరు వెనక నాన్న రాసిన తేదీ కింద చిన్నగా ఇంకో మాట ఉంది, ఇన్నాళ్లూ చూడలేదు: ‘పాప గీసింది’. ఆ పాప నేనే.

సీ ముల్లు, ఎస్పీ ముల్లు, కాటా ఆర్డర్ పెట్టాను. కోణం రేపు సరిచూస్తాను.