మద్రాసు నుంచి కొలంబోకి ఒకే టికెట్టు: బోట్ మెయిల్ సముద్రం ఎలా దాటేది?

కృష్ణా_ప్యాసింజర్ (ప్రశ్న)

రామేశ్వరం ద్వీపం కొసన ఉన్న ధనుష్కోటి శిథిలాల గురించి ఎక్కడ చదివినా "ఇక్కడి నుంచి శ్రీలంకకు రైలు వెళ్లేది" అని రాస్తున్నారు. సముద్రం మీద పట్టాలు ఉండేవా? పెట్టెల్ని ఓడ మీదికి ఎక్కించేవారా? 1964 తుపానులో, ఆ ద్వీపాన్ని ఒడ్డుతో కలిపే పంబన్ వంతెన మొత్తం కొట్టుకుపోయిందని ఒకచోట, 46 రోజుల్లో బాగుచేశారని ఇంకోచోట ఉంది. రెండూ ఎలా నిజం? తెలిసినవాళ్లు విడమరచి చెప్పండి.

మీటర్‌గేజ్_మామ

రైలు ఎప్పుడూ సముద్రం దాటలేదండీ. దాటింది మనుషులూ, సామానూ, టపా సంచులూ. టికెట్టు మాత్రం మద్రాసు ఎగ్మోర్‌లో కొంటే కొలంబో ఫోర్ట్ దాకా ఒక్కటే. "శ్రీలంకకు రైలు" అన్న మాట అక్కడి నుంచి పుట్టింది.

బోట్ మెయిల్ అనే ఈ ప్రయాణం మూడు ముక్కలు. ఎగ్మోర్ నుంచి ధనుష్కోటి రేవు దాకా మీటర్‌గేజ్ రైలు. అక్కడ దిగి స్టీమర్ ఎక్కితే తలైమన్నార్‌కి 35 కిలోమీటర్లు, రెండు గంటల పైచిలుకు. అవతల సిలోన్ రైలు. 1914లో ఈ ఏర్పాటుతో పాటు వచ్చిన స్టీమర్లు కర్జన్, ఎల్గిన్, హార్డింజ్. ఇర్విన్, గోషెన్ తర్వాతవి. అంతకుముందు కొలంబో వెళ్లాలంటే తూత్తుకుడిలో ఓడ ఎక్కి, రాత్రంతా ఆ అలల్లో వాంతులు చేసుకుంటూ పోవాల్సిందే.

పెట్టెల్ని ఓడ మీదికి ఎక్కించినా లాభం ఉండేది కాదు. మన వైపు మీటర్‌గేజ్, అంటే పట్టాల మధ్య 1000 మిల్లీమీటర్లు. సిలోన్ ప్రధాన మార్గాలన్నీ 1676 మిల్లీమీటర్ల బ్రాడ్‌గేజ్. మన చక్రాలు వాళ్ల పట్టాల మీద నిలబడవు. సేతువు తిన్నెల మీదుగా పట్టాలు వేద్దామన్న ఆలోచన కూడా అప్పట్లో సర్వే దాకా వెళ్లింది. ఖర్చు లెక్కేసి స్టీమర్లతో సరిపెట్టుకున్నారు.

పట్టాల_పిచ్చి

మామ చెప్పినదానికి ఒక చేర్పు. చాలామంది రామేశ్వరం స్టేషన్ నుంచి లైను ముందుకు సాగి ధనుష్కోటి చేరేదనుకుంటారు. కాదు. ద్వీపంలోకి రాగానే పంబన్ దగ్గర లైను చీలేది, ఒకటి రామేశ్వరానికి, ఇంకొకటి ధనుష్కోటికి. బోట్ మెయిల్‌కి రామేశ్వరంతో పనే లేదు. 1964 డిసెంబరు 22 రాత్రి మునిగిపోయిన 653 నంబరు బండి పేరు కూడా పంబన్–ధనుష్కోటి ప్యాసింజర్. అర్ధరాత్రికి కొంచెం ముందు పంబన్‌లో బయలుదేరింది. ధనుష్కోటి చేరబోతుండగా ఉప్పెన మీద పడింది. అందులో ఉన్న వంద మందికి పైగా ప్రయాణికుల్లో, సిబ్బందిలో ఒక్కరూ బతకలేదు.

ఇంకోటి, ఇది యాత్రికుల లైను మాత్రమే అనుకోవద్దు. తేయాకు తోటలకు వెళ్లే తమిళ కూలీలను మండపం క్యాంపులో ఆపి, వైద్య పరీక్షలు చేసి పంపేవారు. ఆ క్యాంపు నడిపింది సిలోన్ ప్రభుత్వం! ఇప్పటికీ రైల్వే స్టేషన్ పేరు మండపం క్యాంప్.

గిర్డర్_గోపాళం

వంతెన సంగతి నేను చెబుతా. 1914 ఫిబ్రవరి 24న తెరిచిన పాత పంబన్ వంతెన రెండు కిలోమీటర్ల పైచిలుకు. స్తంభానికీ స్తంభానికీ మధ్య 12 మీటర్ల చొప్పున 145 చిన్న స్పాన్‌లు, వాటి మధ్య ఓడలకు దారిచ్చే షెర్జర్ స్పాన్ ఒకటి. 1964లో కొట్టుకుపోయినవి ఆ చిన్న స్పాన్‌ల గిర్డర్లు (ఇనుప దూలాలు), అందులోనూ అత్యధిక భాగం. రాతి స్తంభాలు చాలావరకు నిలిచాయి, షెర్జర్ స్పాన్ కూడా నిలిచింది. అందుకే "మొత్తం" అన్నది తప్ప మీరు చదివిన రెండు మాటలూ నిజమే. కొత్త గిర్డర్లు చేయించి తెప్పించాలంటే నెలలు పట్టేది. సముద్రంలో పడ్డవాటిని వెతికి పైకి తీసి, మళ్లీ స్తంభాల మీద కూర్చోబెట్టారు. 46 రోజుల రహస్యం అదే. ఆ పని నడిపించింది ఇ. శ్రీధరన్, తర్వాత ఢిల్లీ మెట్రో కట్టించిన ఆయనే.

షెర్జర్ స్పాన్‌లో రెండు రెక్కలు. ఒక్కొక్కటీ ఒడ్డువైపు ఉన్న బరువు ఆసరాతో, ఊగే కుర్చీలా వెనక్కి దొర్లుతూ లేస్తుంది. మోటారు లేదు, మనుషులే కడ్డీలు పట్టుకుని గేర్లు తిప్పేవారు. మూసేటప్పుడు రెండు రెక్కల కొసలు మధ్యలో కచ్చితంగా కలిసి తాళం పడాలి, పట్టాల కొసలు ఒకే మట్టంలో ఉండాలి. లేకపోతే బండికి సిగ్నల్ ఇవ్వరు. గాలి గంటకు 58 కిలోమీటర్లు దాటితే బండ్లు ఆపేసేవారు.

అసలు శత్రువు తుప్పు. ఉప్పు గాలి రివెట్ల సందుల్లోకి, కీళ్లలోకి చేరి లోపల్లోపల తింటుంది. పైన రంగు బాగానే కనిపిస్తుంది. 2007లో బ్రాడ్‌గేజ్ చేశాక బరువైన బండ్లు కూడా తోడయ్యాయి. 2018 డిసెంబరులో షెర్జర్ స్పాన్‌లో లోపం కనబడి రాకపోకలు ఆగాయి, 2022 డిసెంబరులో పూర్తిగా మూసేశారు. పక్కనే 2025 ఏప్రిల్ 6న ప్రారంభించిన కొత్త వంతెనలో 72.5 మీటర్ల స్పాన్ లిఫ్టులా నిట్టనిలువుగా 17 మీటర్లు లేస్తుంది. స్టెయిన్‌లెస్ స్టీల్ ఊచలు, పాలీసిలోక్సేన్ రంగు వాడింది ఆ తుప్పు భయంతోనే.

కృష్ణా_ప్యాసింజర్

ఇప్పుడు బోధపడింది, ధన్యవాదాలు. మరి వంతెన అంత త్వరగా బాగుచేసినవాళ్లు ధనుష్కోటి లైను ఎందుకు వదిలేశారు? అవతలి వైపు ఏమైంది?

మీటర్‌గేజ్_మామ

వంతెన రాతి స్తంభాల మీద ఉంది, ధనుష్కోటి లైను ఇసుక మీద ఉంది, తేడా అక్కడే. రెండు సముద్రాల మధ్య సన్నటి ఇసుక పట్టీ. ఊరు మనుషులు ఉండటానికి పనికిరాదని ప్రభుత్వమే తేల్చింది. ఊరు లేక, రేవు లేక రైలు ఎవరికోసం? స్టీమర్‌ను రామేశ్వరానికి మార్చి తలైమన్నార్‌కి నడిపారు. లంకలో యుద్ధం మొదలయ్యాక 1980లలో అదీ ఆగింది. 2019లో ధనుష్కోటికి మళ్లీ లైను వేస్తామని శంకుస్థాపన జరిగింది. ఆ ఇసుక మీద కట్టను నిలబెట్టడం డబ్బు కన్నా పెద్ద చిక్కని నా అభిప్రాయం.

అవతల మెదవాచ్చియ–తలైమన్నార్ లైను యుద్ధంలో నాశనమైంది. దాన్ని మన రైల్వే నిర్మాణ సంస్థ ఇర్కానే మళ్లీ వేసింది, 2013లో మడు రోడ్ దాకా, 2015 మార్చిలో తలైమన్నార్ పియర్ దాకా. అంటే కొలంబో వైపు పట్టాలు మళ్లీ నీటి అంచుకు వచ్చాయి, మన వైపువి రామేశ్వరంలో ఆగాయి.

పట్టాల_పిచ్చి

చూడ్డానికి వెళ్లేవాళ్లకు: 2017 నుంచి ద్వీపం చివరి కొస అరిచల్‌మునై దాకా తారు రోడ్డు ఉంది. దారిలో పాత స్టేషన్ గోడలు, చర్చి కనిపిస్తాయి. ఎగ్మోర్ నుంచి రామేశ్వరానికి ఇప్పటికీ ఒక బండి నడుస్తోంది, పేరు బోట్ మెయిలే. ఓడ లేదు గానీ.