మిట్ట ఉన్న దారికి ఏ హబ్ మోటారు సరిపోతుంది?

ప్రశ్న

నా దగ్గర 26 అంగుళాల చక్రాలు, ఉక్కు ఫ్రేము, వెనుక ఏడు పళ్ళచక్రాల ఫ్రీవీలు ఉన్న మామూలు గేర్ల సైకిలు ఉంది. రానూపోనూ రోజుకు 28 కిలోమీటర్లు దాని మీదే తిరుగుతున్నాను. దారి చాలావరకు చదునే, అక్కడ నేను గంటకు 22 కిలోమీటర్ల వేగంతో వెళ్తాను. కానీ వెళ్ళేటప్పుడు ఒకచోట ఒకటిన్నర కిలోమీటరు పొడవున మిట్ట వస్తుంది. దాని వాలు సగటున 7 శాతం, అంటే వంద మీటర్లు ముందుకు పోయేసరికి ఏడు మీటర్లు పైకి ఎక్కాలి. నేనూ, సంచీ, సైకిలూ కలిపి సుమారు 100 కిలోలు తూగుతాము. ఈ సైకిలుకు కరెంటు మోటారు పెట్టించాలనుకుంటున్నాను. తొక్కడం మానెయ్యాలన్న ఉద్దేశం నాకు లేదు, మోకాళ్ళు నొప్పి పెట్టకుండా ఆ మిట్ట దాటగలిగితే చాలు.

36 వోల్టుల, 10 ఆంపియర్-అవర్ల బ్యాటరీ, మోటారుకు వెళ్ళే కరెంటును అదుపు చేసే 15 ఆంపియర్ల కంట్రోలర్ ఇప్పటికే నా దగ్గర ఉన్నాయి. చక్రం నడిమధ్య ఉండే హబ్ మోటారు దగ్గరే ఆగిపోయాను. 250 వాట్ల గేర్డ్ హబ్, 500 వాట్ల గేర్డ్ హబ్, 1000 వాట్ల డైరెక్ట్ డ్రైవ్ హబ్ (లోపల పళ్ళచక్రాలు లేకుండా మోటారే నేరుగా చక్రాన్ని తిప్పేది) నా పరిశీలనలో ఉన్నాయి. వాట్లు ఎక్కువైతే మిట్ట తేలికగా ఎక్కుతుందనుకోవడం సరైనదేనా? మోటారును ముందు చక్రానికి పెట్టించాలా, వెనుక చక్రానికా?

జవాబు 1

ముందుగా ఆ వాట్ల సంఖ్యను పక్కన పెట్టండి. మోటారు మీద 1000 అని రాసి ఉన్నా, మీ బ్యాటరీ 36 వోల్టులు, కంట్రోలర్ 15 ఆంపియర్లు కాబట్టి దానికి అందేది సుమారు 540 వాట్లే. మోటారు మీది సంఖ్య అది వేడెక్కి పాడవకుండా ఎడతెగక ఎంత పని చేయగలదో తయారీదారు చెప్పుకున్న అంచనా మాత్రమే, ఆ అంచనా వేసే పద్ధతి కూడా అందరిదీ ఒకటి కాదు.

ఇక మీ మిట్ట సంగతి. 100 కిలోల బరువును 7 శాతం వాలు మీద పైకి లాగడానికి సుమారు 69 న్యూటన్ల బలం కావాలి. టైర్ల రాపిడికి 8, గంటకు 15 కిలోమీటర్ల వేగంలో గాలికి మరో 6 కలిపితే మొత్తం 83 న్యూటన్లవుతుంది. ఆ వేగంతో ఎక్కాలంటే చక్రం దగ్గర దాదాపు 345 వాట్లు కావాలి. అందులో 100 వాట్లు మీ కాళ్ళు ఇస్తే, మోటారు వంతు 245 వాట్లు. టార్క్ (చక్రాన్ని తిప్పే బలం) లెక్కన మోటారు వంతు 20 న్యూటన్ మీటర్ల లోపే ఉంటుంది, మీరు అసలు తొక్కకపోతే 27 దాకా పోతుంది. ఇది గేర్డ్ హబ్‌కు పెద్ద పని కాదు. దాని లోపలి మోటారు వేగంగా తిరుగుతుంటే, గ్రహాలు సూర్యుడి చుట్టూ తిరిగినట్టు అమర్చిన చిన్న పళ్ళచక్రాలు ఆ వేగాన్ని తగ్గించి బలంగా మారుస్తాయి. పైగా లోపల క్లచ్ ఉండడం వల్ల కరెంటు ఆపి తొక్కితే మోటారు ఏమాత్రం అడ్డుపడదు.

నా సలహా గేర్డ్ హబ్, అదీ తక్కువ వేగానికి చుట్టినది (లోపలి రాగి తీగను ఎక్కువ చుట్లుగా చుట్టి, నెమ్మదిగా తిరిగేలా చేసినది). వేగానికి చుట్టిన మోటారు మిట్ట మీద కరెంటును వేడిగా తగలేస్తుంది.

జవాబు 2

డైరెక్ట్ డ్రైవ్‌ను ఇంత తేలికగా పక్కన పెట్టడం నాకు నచ్చలేదు. నేను ఏళ్ళ తరబడి అదే వాడుతున్నాను. అందులో అరిగే పళ్ళచక్రాలు లేవు, తెగే క్లచ్ లేదు, బేరింగులు తప్ప కదిలే భాగమే లేదు. గేర్డ్ హబ్‌లో నైలాన్ పళ్ళు ఏదో ఒకరోజు అరుగుతాయి, అరగక ముందు కూడా సన్నగా రొద చేస్తూనే ఉంటాయి. నా సైకిలు వెనుక నుంచి వస్తే మనుషులు గంట కొట్టేదాకా తెలుసుకోరు (ఇది అన్నిసార్లూ మంచిది కాదని ఒప్పుకుంటాను). అన్నిటికీ మించి, దిగేటప్పుడు మోటారే బ్రేకు వేస్తుంది, బ్రేకు రబ్బర్లు మార్చే పని ఉండదు, బ్యాటరీకి కొంత కరెంటు తిరిగి వస్తుంది.

జవాబు 3

పై ఇద్దరి మాటల్లోనూ చిన్న సవరణలు అవసరం.

బ్యాటరీకి తిరిగి వచ్చే కరెంటు ఎంతో లెక్క వేద్దాం. ఆ మిట్ట ఎత్తు 105 మీటర్లు, దాని మీద నుంచి 100 కిలోలు దిగితే విడుదలయ్యే మొత్తం శక్తి 29 వాట్-అవర్లకు దగ్గరగా ఉంటుంది. టైర్లకు, గాలికి, మోటారుకు, కంట్రోలర్‌కు పోయే వంతు తీసేస్తే సగం మిగలడమే గొప్ప. మీ బ్యాటరీలో పట్టేది 360 వాట్-అవర్లు కనుక, దక్కేది నాలుగు శాతం. మోటారుతో బ్రేకు వేయడం నిజంగా హాయైన సదుపాయమే, దాని కోసం డైరెక్ట్ డ్రైవ్ కొనండి, కరెంటు ఆదా కోసం మాత్రం కాదు. ఆ ఆదాలో చాలా భాగాన్ని చదునులో అయస్కాంతాల అడ్డు తినేస్తుంది. కరెంటు లేకుండా ఆ చక్రాన్ని చేత్తో తిప్పి చూస్తే ఆ అడ్డు వేళ్ళకే తెలుస్తుంది.

రెండవది, వేగానికి చుట్టిన మోటారు మిట్ట మీద ఎక్కువ వేడెక్కుతుందన్న మాట చాలామంది అనేదే కానీ, అందులో సగమే నిజం. ఒకే మోటారులో ఒకే మోతాదు రాగిని తక్కువ చుట్లుగా లావు తీగతో చుట్టినా, ఎక్కువ చుట్లుగా సన్నని తీగతో చుట్టినా, అదే టార్క్‌కు రాగిలో పుట్టే వేడి సమానం. తక్కువ చుట్ల మోటారు ఆ టార్క్‌కు ఎక్కువ కరెంటు అడుగుతుంది, కానీ దాని తీగ నిరోధం ఆ మేరకు తక్కువ. తేడా వచ్చేది కంట్రోలర్‌లోనూ, బయటి తీగలలోనూ. మీది 15 ఆంపియర్ల చిన్న కంట్రోలర్ కాబట్టి, నెమ్మది చుట్టు తీసుకోమన్న సలహా మాత్రం మీ విషయంలో సరైనదే. మిట్ట ఎక్కడాన్ని నిజంగా మార్చేవి లోపలి రాగి, ఇనుము ఎంత ఉన్నాయన్నది, గేర్ల నిష్పత్తి, చక్రం పరిమాణం. 26 అంగుళాల చక్రంలో ఉన్న మోటారునే 20 అంగుళాల చక్రంలో పెడితే నేల మీది బలం 30 శాతం పెరుగుతుంది.

వేడి సంగతి కొంచెం వివరంగా చెబుతాను, ఎందుకంటే 250 కావాలా 500 కావాలా అన్నది అక్కడే తేలుతుంది. మీరు తొక్కుతూ 15 కిలోమీటర్ల వేగంతో ఎక్కితే ఆరు నిమిషాలు పడుతుంది. 75 శాతం సామర్థ్యంతో పనిచేసే మోటారులో 80 వాట్లకు పైగా వేడిగా మారుతుంది. రెండున్నర కిలోల మోటారులో ఆ వేడి అంతా నిలిచిపోతుందనుకున్నా, సగటు ఉష్ణోగ్రత 26 డిగ్రీలు పెరుగుతుంది. అదే మీరు తొక్కడం మాని, వేగం 10కి పడిపోయి, సామర్థ్యం 60 శాతానికి దిగితే, తొమ్మిది నిమిషాల్లో పెరుగుదల 70 డిగ్రీలు దాటుతుంది. తీగచుట్టల దగ్గర ఇంకా ఎక్కువే ఉంటుంది. గేర్డ్ హబ్‌లో మోటారు ఒక డబ్బాలో మరో డబ్బాలా కూర్చుంటుంది కాబట్టి ఆ వేడి బయటికి నెమ్మదిగా వస్తుంది, ఆలోగా మెత్తబడేవి నైలాన్ పళ్ళే. తొక్కేవారికి 250 చాలు. ఏదో ఒక రోజు ఒంట్లో బాగోక తొక్కలేకపోవచ్చనుకుంటే, నాలుగు కిలోల దాకా తూగే 500 వాట్ల పెద్ద గేర్డ్ హబ్ తీసుకోవడం మంచిది. నేనైతే అదే తీసుకుంటాను. లోపల ఉష్ణోగ్రత సెన్సరు ఉంటే ఇంకా మంచిది.

జవాబు 4

బిగింపు గురించి ఎవరూ చెప్పలేదు కాబట్టి నేను చెబుతాను. ముందు చక్రంలో మోటారు పెట్టి, టార్క్ ఆర్మ్ (ఇరుసు తిరగకుండా ఫ్రేముకు బిగించి ఆపే లోహపు పట్టీ) లేకుండా నట్లు మాత్రమే బిగించి నేను ఒకసారి దెబ్బ తిన్నాను. ఇరుసు ఫోర్కు గాడిలోనే గిర్రున తిరిగి, మోటారు తీగలను మెలిపెట్టి తెంపేసింది. నేను కింద పడకపోవడం అదృష్టం. మోటారు చక్రాన్ని ముందుకు తిప్పే బలంతోనే ఇరుసును వెనక్కి తిప్పుతుంది. 40 న్యూటన్ మీటర్ల టార్క్‌ను ఒక సెంటీమీటరు చేయి మీద ఆపాలంటే 4000 న్యూటన్లు, అంటే 400 కిలోల బరువంత ఒత్తిడి. దాన్ని పంచుకునేవి రెండు పక్కల ఉన్న ఆ రెండు గాడులే. అల్యూమినియం ఫోర్కుకు ఇది నప్పదు. మీది ఉక్కు ఫ్రేము కాబట్టి వెనుకనే పెట్టించండి, మిట్ట మీద బరువంతా వెనక్కి వాలుతుంది కనుక చక్రం జారదు కూడా. అయినా టార్క్ ఆర్మ్ తప్పనిసరి.

కొనే ముందు వెనుక ఫోర్కు లోపలి వెడల్పు కొలవండి, 135 మిల్లీమీటర్లుంటే చాలా మోటార్లు కూర్చుంటాయి. ఫ్రీవీలు మర తిప్పి బిగించేదా, హబ్ మీదికి జారించి బిగించే క్యాసెట్టా అన్నది చూసి దానికి తగిన హబ్‌నే అడగండి. పుల్లలు లావుగా ఉంటే గట్టివనుకోకండి. 12 గేజి పుల్లలకు (గేజి సంఖ్య తగ్గేకొద్దీ పుల్ల లావు) తేలికపాటి రిమ్ము మీద చాలినంత బిగువు రాక వదులవుతుంటాయి. 13 లేదా 14 గేజి మేలు.

ప్రశ్న అడిగినవారు

అందరికీ ధన్యవాదాలు. వెనుక ఫోర్కు కొలిచాను, సరిగ్గా 135 ఉంది, ఫ్రీవీలు మర తిప్పేదే. పెద్ద గేర్డ్ హబ్ వైపే మొగ్గుతున్నాను. అయితే ఆ మోటారు 36 వోల్టుల దగ్గర నిమిషానికి 201 చుట్లు తిరిగేది, 260 చుట్లు తిరిగేది అని రెండు రకాలుగా దొరుకుతోంది. ఇందులో ఏది తీసుకోవాలి?

జవాబు 3 రాసినవారు

మీ చక్రం చుట్టుకొలత సుమారు 2.07 మీటర్లు. ఆ చుట్లు బరువు లేకుండా తిరిగేవైతే, 201 అంటే గంటకు 25 కిలోమీటర్లు, 260 అంటే 32. మీరు చదునులో వెళ్ళే 22 కిలోమీటర్లకు 177 చుట్లు చాలు, మిట్ట మీది 15కు 121. కాబట్టి 201 తీసుకోండి. ఎప్పుడైనా వేగంగా పోవాలనిపిస్తే క్లచ్ విడిపోతుంది, మీ కాళ్ళు మీవే. ఆ సంఖ్య బరువుతోనా, బరువు లేకుండానా అని అమ్మేవారిని అడగడం మరవకండి.

అమర్చిన రోజు చక్రాన్ని నేల నుంచి ఎత్తి, థ్రాటిల్ కొద్దిగానే తిప్పి చూడండి. మోటారుకు వెళ్ళే మూడు లావు తీగలూ, మోటారు ఏ స్థానంలో ఉందో చెప్పే హాల్ సెన్సర్ల ఐదు సన్న తీగలూ కంట్రోలర్ వరుసకు సరిపడకపోతే చక్రం కుదుపుతుంది, లేదా వెనక్కి తిరుగుతుంది. రంగులు కలిసినంత మాత్రాన వరుస కలిసినట్టు కాదు.