ప్రపంచం అంతమైపోయే సినిమాలంటే మనకెందుకింత ఇష్టం?

రెండో ఆట (విజయనగరం)
మొన్న రాత్రి మా పిల్లలు కల్కి 2898 ఏడీ మళ్లీ పెట్టుకున్నారు. గంగ ఎండిపోయింది, చెట్లు లేవు, మిగిలిందల్లా కాశీ ఒక్కటే. వీళ్లేమో పల్లీలు తింటూ హాయిగా చూస్తున్నారు. ఇంట్లో ఎవరైనా చావు మాటెత్తితే 'సంధ్యవేళ అవేం మాటలు' అంటాం కదా. అలాంటిది లోకమంతా చచ్చే సినిమాకి డబ్బులిచ్చి మరీ ఎందుకెళ్తాం?

నేను పదకొండేళ్లు ఒక థియేటర్లో బుకింగ్‌లో కూర్చున్నవాణ్ణి. 2009 నవంబరులో '2012' సినిమా వచ్చింది. మనవాళ్లు దాన్ని 'యుగాంతం' అనే అడిగేవారు. ఇంగ్లీషు బొమ్మకి ఏనాడూ రాని ముసలమ్మలు కూడా వచ్చారు. టిక్కెట్లు అయిపోయాక లోపలికెళ్లి గోడవార నిలబడేవాణ్ణి. సముద్రం కొండల మీదికొచ్చే సీన్లో ముందు వరసల కుర్రాళ్లు కాళ్లెత్తి కుర్చీల మీద పెట్టుకునేవారు. ప్రతి ఆటకీ ఇదే. కింద చూస్తే వేరుశనగ తొక్కలు తప్ప ఏమీ లేవు.

నా ఉద్దేశం ఏంటంటే, ఏ కాలం భయం ఆ కాలానికి ఉంటుంది, సినిమా దాన్ని బొమ్మ కట్టి చూపిస్తుంది. 1910లో హేలీ తోకచుక్క వచ్చి జనాన్ని హడలగొట్టి పోయింది. 1916లో డెన్మార్క్ వాళ్లు తోకచుక్క వల్ల లోకం నాశనమయ్యే మూకీ సినిమా తీశారు. 1954 మార్చిలో హైడ్రోజన్ బాంబు పరీక్ష బూడిద జపాన్ చేపల పడవ మీద పడింది, అదే ఏడాది నవంబరులో, బాంబు పరీక్షలకి లేచొచ్చిన రాకాసి జంతువు సినిమా గాడ్జిల్లా వచ్చింది. భయాన్ని ముందే ఒకసారి చూసేస్తే, అసలుది వచ్చినప్పుడు తట్టుకోగలం. టీకా లాంటిదన్నమాట. మీరేమంటారు?

ఏడురోడ్లు (శ్రీకాకుళం)
ఏసీ కోసం వెళ్తాం అన్నా.

పంచాంగం మాస్టారు (శ్రీకూర్మం)
ముందు మాట సరిచేసుకోండి. యుగాంతం వేరు, ప్రళయం వేరు. కలియుగం 4,32,000 సంవత్సరాలు. క్రీ.పూ. 3102లో మొదలైంది. ఇప్పటికి ఐదు వేల నూట చిల్లర గడిచింది. మీరు చెప్పిన 2898కి ఆరువేలే అవుతుంది. ఇంకా నాలుగు లక్షల ఇరవై ఆరు వేలు మిగిలే ఉంటుంది. కనుక అది యుగాంతం సినిమా కానే కాదు.

రెండో ఆట
మాస్టారూ, నేనడిగింది జనానికి ఎందుకిష్టం అని. ఎన్నేళ్లు మిగిలిందని కాదు.

పంచాంగం మాస్టారు
ప్రశ్నలోనే మాట తప్పుంటే జవాబు ఒప్పెలా అవుతుంది?

బొబ్బిలి వీణ
నాకు టీకా మాట నచ్చలేదు. మా అమ్మమ్మ చెప్పిన స్కైలాబ్ కథ చెప్తాను, వినండి. 1979 జులై. అమెరికావాళ్ల అంతరిక్ష కేంద్రం స్కైలాబ్ అదుపు తప్పింది, ఎక్కడ పడుతుందో తెలీదు. మన మీదే పడుతుందని ఊరంతా నమ్మేసింది. ఎలాగూ పోతున్నాం కదా అని కోళ్లు, మేకలు కోసుకుని వండుకు తిన్నారు. మా తాతయ్యకి అప్పులుండేవి. ఆ వారం షావుకారు అప్పు అడగడానికి రాలేదట. తాతయ్య జన్మలో నిమ్మళంగా నిద్రపోయింది ఆ వారమేనని అమ్మమ్మ ఇప్పటికీ నవ్వుతుంది. తీరా అది ఎక్కడో హిందూ మహాసముద్రంలోను, ఆస్ట్రేలియా పడమటి వైపూ పడింది. 12వ తేదీ పొద్దున్న ఊరిని లేపడానికి ఒక్క కోడి లేదు. షావుకారు మాత్రం వచ్చాడు.

రేపు లేదంటే వాయిదా కట్టక్కర్లేదు, పరీక్ష రాయక్కర్లేదు, ఆడబిడ్డ పెళ్లికి ఏం పెట్టాలో ఆలోచించక్కర్లేదు. ఆ మూడు గంటల సెలవు కోసం వెళ్తాం.

ఏడురోడ్లు
షావుకారు మాత్రం వచ్చాడు 😂

నైట్ డ్యూటీ
నేను నర్సుని. 2020లో డ్యూటీ నుంచి వచ్చి, తలస్నానం చేసి, వేరే గదిలో ఒక్కదాన్నే కూర్చుని, అంటురోగం లోకమంతా పాకే కంటేజియన్ చూశాను. 2011 నాటి సినిమా అది, ఆ ఏడాది మళ్లీ లోకమంతా ఎగబడి చూసింది. బయట చూసి వచ్చిందే మళ్లీ లోపల ఎందుకు చూస్తున్నానని మా ఆయన ఫోన్లో అరిచాడు. బయట ఎప్పటికి ముగుస్తుందో ఎవరికీ తెలీదు. సినిమాలో టీకా వస్తుందని నాకు తెలుసు. అందుకే చూశాను.

రెండో ఆట గారన్నదాంట్లోనూ కొంత నిజం ఉంది. ఆ రోజుల్లోనే అమెరికాలో 310 మందిని అడిగి చేసిన అధ్యయనం ఒకటి 2021లో అచ్చయింది. జాంబీలు, లోకం కూలిపోయే సినిమాలు ఇష్టపడేవాళ్లు కరోనాకి కాస్త ముందే సిద్ధమైనట్టు చెప్పుకున్నారట.

కవిటి కొబ్బరి (ఉద్దానం)
చెప్పుకున్నారట. బాగుంది.

నేనూ ఆ యుగాంతం సినిమా రెండుసార్లు చూశాను. హాల్లో ఒకసారి, టీవీలో ఒకసారి. మరి టీకా పడినట్టే కదా? 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. గంటకి నూట నలభై, నూట యాభై కిలోమీటర్ల గాలి. సినిమాలో అయితే కూలేదంతా కనిపిస్తుంది. మాకు ఏమీ కనిపించలేదు, చీకటి. తలుపుకి మంచం అడ్డంపెట్టి నేనూ తమ్ముడూ వీపులు ఆనించి కూర్చున్నాం. కొబ్బరిచెట్టు పడితే చప్పుడు గాలిలో కలిసిపోతుంది. నేల అదిరేది, ఆ అదురు వీపుకి తెలిసేది. మా నాన్న బస్తాల మీద కూర్చుని లెక్కపెడుతున్నారు. ముప్పై దాకా లెక్కపెట్టి ఊరుకున్నారు.

పొద్దున్న తలుపు తీస్తే సముద్రం కనబడింది. అంతకుముందు మా గుమ్మంలోంచి సముద్రం ఎప్పుడూ కనబడలేదు.

సినిమావాడు అక్కడ మ్యూజిక్ వేసి, సూర్యుణ్ణి చూపించి, పేర్లు పడేస్తాడు. మాకు అక్కడే మొదలు. పడిన చెట్టు తీయించడానికి కూలి, కొత్త మొక్క కాపుకి రావడానికి ఆరేడేళ్లు. చెట్లు రాసుకోవడానికి వచ్చినాయన సగం చెట్లని 'ఒరిగినవి, పడినవి కావు' అని రాసుకుపోయాడు. ఆ కాగితం పట్టుకుని ఎన్ని గుమ్మాలు తిరిగానో. లైన్లో నిలబడే సినిమా ఎవరైనా తీస్తారా? తీస్తే మీ ముసలమ్మలు వస్తారా?

రెండో ఆట
కవిటి గారూ, మీ బాధ అర్థమైంది. మాకూ 2014లో హుద్‌హుద్ వచ్చింది. కరెంటు లేదు, నీళ్లు లేవు, పెట్రోలు బంకుల దగ్గర కిలోమీటరు లైను. తుపాను అంటే ఏంటో మాకూ తెలుసు.

కవిటి కొబ్బరి
కరెంటు ఎన్నాళ్లకొచ్చింది?

రెండో ఆట
వారం దాటింది. మా వీధికి పది రోజులు.

కవిటి కొబ్బరి
తర్వాత ఫ్యాను తిరిగింది కదా. కరెంటు పోవడం, తోట పోవడం ఒకటేనా?

ఏడురోడ్లు
మాకు నాలుగు రోజులే.

రెండో ఆట
పోటీ పెట్టమని నేనన్నానా? ఇష్టం గురించి అడిగితే మీరు నష్టం చెప్తున్నారు. బుకింగ్‌లో చూసిందే చెప్తాను. ఆ సినిమాకి డెబ్భై తొమ్మిది కోట్ల డాలర్లు వచ్చాయి, అందులో ఐదింట నాలుగు వంతులు అమెరికా బయట వచ్చినవే. ఎందుకో తెలుసా? వరదకి డబ్బింగ్ అక్కర్లేదు. జోకు అర్థం కావాలంటే భాష రావాలి. గోడ కూలితే పరిగెత్తాలని చీపురుపల్లిలోనూ తెలుసు, చైనాలోనూ తెలుసు. ఆ రెండు గంటలూ హాల్లో అందరూ ఒకటే. బాల్కనీ వాడూ, నేల టిక్కెట్టు వాడూ ఒకేసారి ఊపిరి బిగపట్టడం నేను కళ్లారా చూశాను.

కవిటి కొబ్బరి
అందరూ ఒకటా? ఆ సినిమాలోనే ప్రాణాలు దక్కించుకునే ఓడ ఎక్కడానికి మనిషికి వంద కోట్ల యూరోలు. నేల టిక్కెట్టు వాణ్ణి ఎక్కించుకున్నారేటి?

బొబ్బిలి వీణ
ఇది మాత్రం నిజం.

పంచాంగం మాస్టారు
ఓడ కథ మన మత్స్యావతారంలోదే. సత్యవ్రతుడికి ఓడ ఊరికే వచ్చింది. అయితే అది నైమిత్తిక ప్రళయం, బ్రహ్మకి ఒక పగలు గడిచాక వచ్చేది. దీన్నీ యుగాంతంతో కలపకండి.

రెండో ఆట
మాస్టారూ, దండం.

కవిటి గారూ, మీరు నన్ను సినిమా పిచ్చోడి కింద కట్టేశారు. తిత్లీ అప్పుడు మేం ఆరుగురం రొట్టెలు, నీళ్ల సీసాలు, కొవ్వొత్తులు బైకుల మీద వేసుకుని సోంపేట దాటి మీ వైపు వచ్చాం. దారి పొడుగునా చెట్లు. బైకులు ఎత్తి దాటించుకుంటూ వచ్చాం. ఇంట్లో కూర్చుని టీవీలో చూడలేదు.

కవిటి కొబ్బరి
రొట్టెల బైకులు నాకు బాగా గుర్తు. ఒకడు మా నాన్న చేతిలో రొట్టె పెట్టి, పడిన చెట్టు మీద కూర్చోమన్నాడు. ఫొటోకి. ఆయన ఆ చెట్టు నాటిన మనిషి. కూర్చున్నారు, పాపం. ఏమనాలో తెలీక. ఇంకొకడు వెనకాల నిలబడి 'అచ్చం సినిమాలా ఉందిరా' అన్నాడు. నువ్వేనా అది?

నీ ప్రశ్నకి నాకు ఆ రోజే జవాబు దొరికింది. ఎందుకిష్టమంటే చూసేవాడికి ఏమీ కాదు కాబట్టి. లైట్లు వెలుగుతాయి, చెప్పులు వెతుక్కుని ఇంటికెళ్తాడు. మా తోటలోకి కూడా అలాగే వచ్చారు, అలాగే పోయారు.

నైట్ డ్యూటీ
అన్నయ్యా, వచ్చినవాళ్లందరూ అలాంటివాళ్లు కాదు.

కవిటి కొబ్బరి
అందరి గురించి అడగలేదమ్మా. ఆయన్ని అడిగాను.

వేదిక నిర్వాహకుడు
'నువ్వు' అనుకోవడం ఆపండి. లేదంటే చర్చ మూసేస్తాను.

రెండో ఆట
మూయకండి. ఆలస్యంగా రాస్తున్నాను, నిన్న రాత్రంతా ఇదే ఆలోచన.

ఆ మాట అన్నది నేను కాదు. ఫొటో తీసిందీ నేను కాదు. కానీ మాలో ఎవరో అని ఉండొచ్చు, కాదనను. వీడియో నేనూ తీశాను. బైకు వెనకాల కూర్చుని, రోడ్డు మీంచి, నలభై సెకన్లు. వచ్చాక మా ఇంట్లో, బంధువుల్లో ఎంతమందికి చూపించానో లెక్కలేదు. చూపిస్తున్నప్పుడు గొంతు ఎలా ఉండేదో ఇప్పుడు తల్చుకుంటే సిగ్గుగానే ఉంది. సినిమా కథ చెప్పినట్టే చెప్పాను.

ఏమీ కాదన్న ధీమా అన్నారు. ఒప్పుకుంటున్నాను. కాకపోతే ఒకటి అడుగుతాను. ఇల్లు నిలబడి, కరెంటు ఉన్నవాడే కదా కొవ్వొత్తులు పట్టుకుని రాగలిగింది? హుద్‌హుద్ అప్పుడు మా వీధికి నీళ్ల డబ్బాలు తెచ్చినవాళ్లకీ ఆ ధీమా ఉంది. వాళ్లూ ఫోన్లో తీసుకున్నారు. నాకు కోపం రాలేదు. మీకెందుకొచ్చిందో నిన్నటి దాకా తెలీలేదు. మీరన్నట్టు మా వీధిలో ఫ్యాను తిరిగింది.

బొబ్బిలి వీణ
అవునన్నా.

ఏడురోడ్లు
ఏసీ మాట వెనక్కి తీసుకుంటున్నాను.

కవిటి కొబ్బరి
ఆ వీడియో ఉందా?

రెండో ఆట
పాత ఫోన్లో ఉంది. తీసేయమంటే తీసేస్తాను.

కవిటి కొబ్బరి
తీసేయకండి. ఆ వారం మా ఫోన్లు చచ్చిపోయి ఉన్నాయి. పడిన తోట బొమ్మ మా దగ్గర ఒక్కటీ లేదు. ఎన్ని పడ్డాయో, ఎన్ని ఒరిగాయో నాన్న ఇప్పటికీ రోజుకో లెక్క చెప్తారు. కవిటి దాటాక ఎడమవైపు రేకుల షెడ్డు, పక్కన మొండెం మిగిలిన పనస. అది కనబడితే మాదే. చూసి చెప్పండి.

టీకా మాట మాత్రం నేను ఒప్పుకోను.

రెండో ఆట
చార్జరు వెతుకుతున్నాను. ఆ పాత పిన్నుది ఇప్పుడు ఎక్కడా దొరకట్లేదు.

పంచాంగం మాస్టారు
చార్జరు దొరికేలోపు ఎవరైనా 4,32,000 మాటకి జవాబు చెప్తే బాగుంటుంది.