7×57 మౌజర్‌ను మూలన పడేయడం న్యాయమేనా?

చర్చకు పెట్టిన మాట: టెక్సాస్‌లో లైసెన్సు తీసుకుని తెల్లతోక జింకల వేటకు వెళ్లే మనవాళ్లకు 7×57 మౌజర్ అనే పాత రైఫిల్ తూటా ఇక అనవసరం. 7 ఎంఎం-08 అనే తరువాతి తూటా గుండును అంతకంటే వేగంగా పంపుతుంది, పొట్టి యాక్షన్‌లో (తూటాను ఎక్కించి పేల్చే యంత్రాంగంలో) ఇముడుతుంది. 1892 నాటి తూటాను ఇంకా మెచ్చుకోవడం పాతదనం మీద మోజు కాక మరేమిటి?

మొదటి సభ్యుని సమాధానం: అయ్యా, మీరు చూపిన వేగాల తేడా అమ్మకపు పెట్టె మీద అచ్చయిన అంకెల్లో నిజమే కానీ, ఆ అంకె ఎందుకు అంత తక్కువగా ఉందో చూడకుండా తీర్పు చెప్పడం సబబు కాదు. స్పెయిన్ కోసం చేసిన 1893 నమూనా, చిలీ కొన్న 1895 నమూనా రైఫిళ్లు తరువాతి రోజుల్లో మిగులు సరుకుగా అమెరికా బజారుకు చేరాయి. 1898 నమూనా బోల్టుకు (గొట్టం వెనుకవైపును మూసే కడ్డీకి) వెనుకవైపు ఉండే మూడో రక్షణ లగ్గు, అంటే బోల్టు వెనక్కి ఎగరకుండా ఆపే కొమ్ము, వాటికి లేదు. ఎవరి అటక మీద ఏ పాత తుపాకీ ఉందో తెలియదు కనుక అమెరికన్ ప్రమాణంలో ఈ తూటా పేలినప్పుడు పుట్టే పీడనాన్ని చదరపు అంగుళానికి 51,000 పౌండ్ల దగ్గర ఆపేశారు. 7 ఎంఎం-08కి 61,000 వరకు వదిలారు. ఒకడి కాళ్లకు బంధం వేసి, పరుగుపందెంలో ఓడిపోయాడని ఎగతాళి చేసినట్టుంది ఈ పోలిక. ఐరోపా ప్రమాణం ఇదే 7×57కు దాదాపు 56,500 పౌండ్లు అనుమతిస్తుంది. కేసు (తూటా ఇత్తడి తొడుగు) 7 ఎంఎం-08 కంటే సుమారు ఐదు మిల్లీమీటర్లు పొడవు కాబట్టి పేలుడు మందు కూడా కాస్త ఎక్కువే పడుతుంది.

ఆ బంధం ఉండగానే లెక్క వేద్దాం. 140 గ్రెయిన్ల (సుమారు 9 గ్రాముల) గుండు సెకనుకు 2,660 అడుగుల వేగంతో బయలుదేరితే, 200 గజాలకు గురి సరిచేసిన రైఫిల్లో 300 గజాల దగ్గర అది 7 ఎంఎం-08 కంటే సుమారు ఒక అంగుళం మాత్రమే కిందికి దిగుతుంది. జింక గుండెకాయ దగ్గర ఆ అంగుళానికి లెక్కేముంది? ఇక భుజానికి తగిలే తన్ను థర్టీ ఆట్ సిక్స్ (.30-06) అనే పెద్ద తూటాతో పోలిస్తే మూడోవంతు కంటే ఎక్కువే తగ్గుతుంది, కాబట్టి ట్రిగ్గర్ నొక్కేటప్పుడు కళ్లు మూసుకునే అలవాటు పట్టదు.

ఆఫ్రికాలో ఏనుగులను వేటాడిన బెల్ దొర ఈ కాలిబర్‌తోనే వందల ఏనుగులను పడగొట్టాడని కొందరు గొప్పగా చెబుతారు. అది ఆయన గురినీ, పొడవాటి గట్టి గుండు లోతుగా దిగడాన్నీ చాటుతుంది తప్ప, ఇది ఏనుగులకు తగిన తూటా అని చాటదు. వేటగాడు జిమ్ కార్బెట్ 1926లో మనుషులను తినే రుద్రప్రయాగ చిరుతను కొట్టింది .275 రిగ్బీతో, అది ఇదే తూటాకు బ్రిటిష్ వారు పెట్టుకున్న పేరు.

రెండో సభ్యుని అభ్యంతరం: పీడనం సంగతి ఒప్పుకుంటాను. కానీ పాత చాంబర్లను (గొట్టంలో తూటా కూర్చునే గదులను) 173 గ్రెయిన్ల గుండ్రటి ముక్కు గుండుకోసం తొలిచారు. తేలికైన గుండు పెడితే కేసు మూతి నుంచి గొట్టంలోని మెలిక గాడులను అందుకునేదాకా చాలా దూరం ఖాళీగా దూకాలి. పైగా చిన్న ఊరి దుకాణంలో దీని తూటాలు దొరకడం కష్టం.

మొదటి సభ్యుని సమాధానం: గుండు అలా ఖాళీగా దూకినా చాలా రైఫిళ్లు చక్కగానే కొడతాయి, కొట్టకపోతే 160 గ్రెయిన్లకు మారి చూడండి. తూటాల కొరత మాత్రం అసలైన కష్టమే, సొంతంగా తూటాలు నింపుకోనివారికి నేనైనా 7 ఎంఎం-08 కొనుక్కోమనే చెబుతాను. కొత్త 7×57 ఉన్నవారు ఐరోపా తూటాలను నిశ్చింతగా వాడవచ్చు. 1893 నమూనా ఉన్నవారు వాటి జోలికి పోవద్దు, ముందు తుపాకీ మరమ్మతు తెలిసినవారి చేత హెడ్‌స్పేస్ (బోల్టుకూ, చాంబర్లో తూటా ఆనే చోటుకూ మధ్య దూరం) కొలిపించుకోవాలి.