అప్‌డేట్: నాన్న బజ్జీల బండికి స్వనిధి లోన్ వచ్చింది

లాక్‌డౌన్‌లో బండి ఆగిపోయింది, వీధి వ్యాపారి గుర్తింపు కార్డు లేదు, పీఎం స్వనిధి (వీధి వ్యాపారుల కోసం కేంద్రం పెట్టిన పథకం) వస్తుందా అని ఇక్కడ అడిగాను కదా. వచ్చింది. 10,000 రూపాయలు మొన్న నాన్న ఖాతాలో పడ్డాయి.

మీలో ఒకరు చెప్పిన సిఫార్సు లేఖే పని చేసింది. వీధి వ్యాపారుల సర్వేలో పేరు లేకపోయినా, నాన్న 2020 మార్చి 24 నాటికే బండి నడుపుతున్నట్టు తేలడంతో మున్సిపాలిటీ ఆ లేఖ ఇచ్చింది. అంత వరకూ బాగానే ఉంది. అసలు టెన్షన్ ఆధార్ దగ్గర. దానికి లింకైన నంబరు నాన్న ఎప్పుడో పారేసిన సిమ్‌ది, ఓటీపీ ఎక్కడికో పోతోంది! నంబరు మార్పించడానికే రోజులు పట్టింది. అప్లై చేసేవాళ్లు ముందు అది చూసుకోండి.

బ్యాంకులో మొదట ష్యూరిటీ అడిగారు. ఈ పథకంలో హామీ అక్కర్లేదని కాగితం చూపించాక ఒప్పుకున్నారు. కాస్త విసుక్కున్నారనుకోండి.

ఒక్కటి మాత్రం నేనే తప్పుగా అనుకున్నాను. ఇది సాయం కాదు, అప్పే. ఏడాదిలో నెలనెలా కట్టాలి, దాదాపు 900 చొప్పున. సమయానికి కడితే 7 శాతం వడ్డీ రాయితీ ఖాతాలో వేస్తారు, తర్వాత ఇంకా పెద్ద లోన్‌కి అర్హత వస్తుంది. క్యూఆర్ కోడ్‌తో డబ్బు తీసుకుంటే నెలకు 100 దాకా క్యాష్‌బ్యాక్ కూడా ఉందట. నాన్నకి మాత్రం చేతికి చిల్లర తగిలితేనే నమ్మకం.

నూనె డబ్బా, శనగపిండి తెచ్చాం. సోమవారం పొయ్యి వెలిగిస్తున్నాం.