సస్కాచెవాన్ మట్టిదారులకూ మైనస్ 35 చలికీ తగిన మధ్యశ్రేణి పికప్ ఏది?

రేగడి_నేల (ప్రశ్న)

అందరికీ నమస్కారం. నేను కెనడాలోని సస్కాచెవాన్‌లో, రోజ్‌టౌన్ ప్రాంతంలో పంటల సలహాదారుగా పనిచేస్తున్నాను. రైతుల మసూరు, బఠాణీ, కనోలా, గోధుమ పొలాలు తిరిగి చూడడం, మట్టి నమూనాలు తీయడం, తెగులు గుర్తించి మందు చెప్పడం నా పని. రెండేళ్ళుగా ఒక చిన్న కారుతోనే నెట్టుకొచ్చాను. కాని మొన్న మార్చిలో మంచు కరుగుతున్న వేళ ఒక మట్టిదారిలో బండి దిగబడి, రైతు ట్రాక్టరు తెచ్చి లాగేదాకా మూడు గంటలు అందులోనే కూర్చోవలసి వచ్చింది. నంద్యాల పక్క నల్లరేగడిలో పుట్టి పెరిగినవాణ్ణి కనుక మట్టి నాకు కొత్త కాదనుకున్నాను. ఇక్కడివారు గంబో అని పిలిచే బంకమన్ను కూడా అదే కోవకు చెందినది: ఎండితే నెర్రెలు విచ్చుతుంది, తడిస్తే చక్రానికి చుట్టుకుని వదలదు.

నా అవసరాలు ఇవి. వారంలో నాలుగు రోజులు సస్కటూన్ నుంచి కిండర్స్‌లీకి పోయే 7వ నంబరు హైవే మీదా, దానికి అటూ ఇటూ ఉండే కంకరదారుల మీదా తిరగాలి. వేసవిలో ట్రైలరు మీద మట్టి నమూనాల యంత్రం అమర్చిన చిన్న పొలంబండిని లాగాలి. అన్నీ కలిపి 1,100 కిలోలు దాటవు. చలికాలంలో ఒక్కొక్క వారమంతా ఉష్ణోగ్రత మైనస్ 30 దగ్గరే ఉంటుంది. వెనుక సీటులో మూడేళ్ళ పాపకు సీటు బిగించాలి. హోండా రిడ్జ్‌లైన్, ఫోర్డ్ రేంజర్, నిస్సాన్ ఫ్రాంటియర్, టొయోటా టకోమా అనే నాలుగు బండ్లు చూసి వచ్చాను. అమ్మేవారందరూ తమ బండి నాలుగు చక్రాలతో నడుస్తుందనే చెబుతున్నారు. అలాంటప్పుడు వాటి మధ్య తేడా ఎక్కడుంది? పెద్ద ట్రక్కు కొనమని సలహా ఇవ్వవద్దని మనవి. పట్టణంలో దాన్ని నిలపడానికి మా ఇంటిముందు చోటు లేదు.

రెంచి

నేను విన్నిపెగ్‌లో పన్నెండేళ్ళుగా బండ్ల మరమ్మతు చేస్తున్నాను. నాలుగు చక్రాలతో నడవడం అన్న ఒక్క మాట కింద రెండు వేర్వేరు ఏర్పాట్లు దాగి ఉన్నాయి. మీరు అడిగిన తేడా అక్కడే ఉంది.

మొదటిది పార్ట్‌టైమ్ పద్ధతి. మీట నొక్కగానే ముందు ఇరుసు, వెనుక ఇరుసు ఒకదానికొకటి గట్టిగా ముడిపడి ఒకే వేగంతో తిరుగుతాయి. ఫ్రాంటియర్‌లోనూ, టకోమా రకాల్లో అత్యధిక భాగంలోనూ ఉన్నది ఇదే. మంచులోను, బురదలోను ఇది ఎంతో నమ్మకమైనది. అయితే మలుపు తిరిగేటప్పుడు ముందు చక్రాలు వెనుక చక్రాలకంటే ఎక్కువ దూరం పోవాలి కదా. ఇరుసులు ముడిపడి ఉన్నప్పుడు ఆ తేడా సర్దుకోవాలంటే ఏదో ఒక టైరు కొద్దిగా జారాలి. మంచుమీద అది జారుతుంది. పొడి తారురోడ్డుమీద జారదు కనుక ఆ ఒత్తిడంతా షాఫ్టుల మీద, రెండు ఇరుసులకూ శక్తి పంచే పెట్టె అయిన ట్రాన్స్‌ఫర్ కేసు మీద పడుతుంది. అందుకే పొడిరోడ్డుమీద ఆ మీట వాడవద్దని బండితోపాటు వచ్చే పుస్తకంలో రాస్తారు.

ఇప్పుడు మీ 7వ నంబరు హైవేను జనవరిలో ఊహించుకోండి. మూడు కిలోమీటర్ల మేర గాలి రోడ్డును ఊడ్చినట్లు పొడిగా ఉంచుతుంది. తరువాత ఒక చెట్లవరుస పక్కన రెండు వందల మీటర్ల మేర గడ్డకట్టిన మంచు ఉంటుంది. మళ్ళీ పొడిరోడ్డు వస్తుంది. పార్ట్‌టైమ్ బండి నడిపేవాడు ఇరవైసార్లు మీట మార్చలేడు గనుక, చివరికి విసిగి వెనుక చక్రాల మీదే నడుపుతాడు. వెనుక తొట్టి ఖాళీగా ఉన్న పికప్‌కు వెనుక ఇరుసుమీద బరువే ఉండదు. తోక విసిరేది అప్పుడే.

రెండవది తనంతట తానే సర్దుకునే పద్ధతి. దీనిని పొడిరోడ్డుమీద కూడా వేసి ఉంచవచ్చు. రిడ్జ్‌లైన్‌లో ఎప్పుడూ ఉన్నది ఇదే; అవసరమైనప్పుడు శక్తిలో 70 శాతం దాకా వెనుకకు పంపి, దానిని కుడి ఎడమ చక్రాల మధ్య కూడా పంచుతుంది. రేంజర్‌లో ఖరీదైన శ్రేణికి వెళితే 4ఎ, అంటే నాలుగు చక్రాల ఆటో, అని రాసి ఉన్న స్థానం దొరుకుతుంది. తక్కువ శ్రేణుల్లో అది ఉండదు. టకోమాలో లిమిటెడ్ హైబ్రిడ్‌కు ఇలాంటి ఏర్పాటు ఉంది. కాబట్టి మీరు కంపెనీ పేరు అడిగే ముందు ఆ మీట మీద ఆటో అన్న స్థానం ఉందో లేదో చూడండి. మీ దారికి సంబంధించినంతవరకు తక్కిన తేడాలన్నీ దీని తరువాతివే.

టైర్ల సంగతి కూడా ఇప్పుడే చెబుతాను. నాలుగు చక్రాలకూ శక్తి అందడం బండి కదలడానికి పనికివస్తుంది గాని, ఆగడానికి పనికిరాదు. మామూలు టైరు రబ్బరు 7 డిగ్రీల కిందికి పోగానే గట్టిపడడం మొదలవుతుంది. పక్కగోడమీద మూడు శిఖరాల కొండ, దానిలో మంచురేకు గుర్తు ఉన్న శీతాకాలపు టైర్లను నాలుగింటినీ వేయించండి. వాటిని వేరే చక్రాలకు బిగించి ఉంచుకుంటే ప్రతి అక్టోబరులో మార్చడం గంట పని.

కొట్టం_డాక్టరు

రెంచి గారు చెప్పినదానితో ఏకీభవిస్తున్నాను. నేను పశువైద్యురాలిని, దూడలు పుట్టే ఫిబ్రవరి, మార్చి నెలల్లో అర్ధరాత్రి పిలుపు వస్తే కదలవలసినదాన్ని కనుక బరువుల లెక్క గురించి నాలుగు మాటలు చేర్చాలనుకుంటున్నాను.

అమ్మేవారు ఎంతసేపూ ఎన్ని వేల పౌండ్లు లాగుతుందనే చెబుతారు. మీ ట్రైలరు 1,100 కిలోలే గనుక 5,000 పౌండ్లు, అంటే 2,268 కిలోలు లాగే రిడ్జ్‌లైన్‌తో సహా నాలుగు బండ్లూ దానిని సునాయాసంగా లాగుతాయి. మీరు చూడవలసినది బండి మోయగల బరువు. అది డ్రైవరు తలుపు తెరిచినప్పుడు స్తంభం మీద కనబడే చీటీలో కిలోల్లోనూ పౌండ్లలోనూ ఉంటుంది. ఒకే పేరున్న రెండు బండ్ల చీటీల్లో కూడా వంద కిలోల తేడా ఉండవచ్చు కనుక ప్రకటనలో రాసిన అంకె మీద ఆధారపడవద్దు.

ఒక ఉదాహరణ వేసి చూపిస్తాను. చీటీమీద 680 కిలోలు ఉన్నాయనుకుందాం. మీరూ మీ సహాయకుడూ చలిబట్టలతో కలిపి 170. పనిముట్లు, నమూనాల పెట్టెలు 120. తొట్టిమీద బిగించే టాపు 85. ట్రైలరు బరువులో నూటికి పది నుంచి పదిహేను వంతులు బండి కొక్కెం మీదే పడుతుంది. దానికి 130 వేయండి. చలికాలంలో ట్రైలరు ఉండదు గాని, వెనుక చక్రాలకు పట్టు దొరకడానికి నాలుగు ఇసుక సంచులు వేస్తారు. అవి సుమారు 110. ఏప్రిల్‌లో సంచులు దించడం మరిచిపోయి ట్రైలరు తగిలించారంటే మొత్తం 615 అవుతుంది. ఇక పాప, పాప సీటు, వారానికి సరిపడా సరుకులు మిగిలాయి. పెద్ద టైర్లు, ఉక్కు పలకలు బిగించి అమ్మే ఆఫ్‌రోడ్ శ్రేణుల్లో ఆ చీటీమీది అంకె 500 దగ్గరికి కూడా పడిపోతుంది. చూడడానికి బలిష్ఠంగా ఉండే బండే తక్కువ మోస్తుందన్న సంగతి నాకు మొదటి బండి కొన్నాకగాని తెలియలేదు. ఆ ఏడాదంతా హెడ్‌లైట్లు ఆకాశం చూస్తూ తిరిగాను.

ఇసుక సంచులను తొట్టి చివర కాకుండా సరిగ్గా ఇరుసు పైన పరిచి, కదలకుండా కట్టండి. తడిసిన ఇసుక రాయిలా గడ్డకడుతుంది కనుక పొడి ఇసుకే కొనండి. దిగబడినప్పుడు చక్రం కింద చల్లడానికి అదే పనికివస్తుంది.

నా అభిప్రాయం అడిగితే రిడ్జ్‌లైన్ కొనండి. వెనుక కూడా ప్రతి చక్రానికి విడివిడి సస్పెన్షన్ ఉండడం వల్ల కంకరదారి మీద తొట్టి ఖాళీగా ఉన్నా ఎగిరిపడదు. తొట్టి అడుగున తాళం వేసుకునే అర ఉంది. పాప సీటుకు వెనుక చోటు విశాలంగా ఉంటుంది.

పప్పుశనగ

డాక్టరు గారి లెక్క నూటికి నూరుపాళ్ళు సరైనదే గాని, ఆమె చివరి మాటతో నేను ఏకీభవించలేను. అల్బర్టాలో మీలాంటి పనే చేస్తున్నాను. రిడ్జ్‌లైన్‌లో లో గేరు, అంటే వేగం తగ్గించి లాగే బలం పెంచే గేరు, లేదు. నేలనుంచి ఎత్తు కూడా 194 మిల్లీమీటర్లే. ఏప్రిల్ రెండవ వారంలో పైన నాలుగు అంగుళాలు కరిగి, కింద ఇంకా గడ్డకట్టి ఉన్న కంకరదారిలో ధాన్యం లారీలు వేసిన గాడి దానికంటే లోతుగా ఉంటుంది. చక్రాలకు ఎంత తెలివిగా శక్తి పంచినా బండి పొట్ట నేలకు ఆనిన తరువాత ప్రయోజనం ఉండదు. 4ఎ కూడా, లో గేరు కూడా ఉన్నది గనుక నా ఓటు పైశ్రేణి రేంజర్‌కు.

అయితే తడిసిన పొలంలోకి దిగడానికి బండి కావాలని మీరు అనుకుంటూ ఉంటే మాత్రం ఆ ఆలోచన మానుకోండి. మన చక్రాలకు అంటిన మట్టే కనోలాలో వేళ్ళు ఉబ్బిపోయే క్లబ్‌రూట్ తెగులును, మసూరు బఠాణీలలో అఫనోమైసిస్ వేరుకుళ్ళును ఒక పొలం నుంచి ఇంకొక పొలానికి మోస్తుంది. వేరుకుళ్ళు ఒకసారి నేలలో స్థిరపడితే ఆ పొలంలో మళ్ళీ మసూరు గాని బఠాణీ గాని వేయడానికి ఆరు నుంచి ఎనిమిదేళ్ళు ఆగమని చెబుతున్నాం కదా. అలా చెప్పే మనిషే దాన్ని టైరుకు పూసుకుని రావడం బాగుండదు. నేను బండిని పొలం గట్టు దగ్గరే నిలిపి, బూట్లకు తొడుగులు వేసుకుని నడిచి వెళతాను. కాబట్టి లో గేరు కావలసినది పొలానికి కాదు, పొలందాకా పోయే దారికి.

ఆగస్టు నెల కోసం ఇంకొక మాట. ఎండిన మోళ్ళమీద బండి నిలపవద్దు. పొగగొట్టంలోని కన్వర్టరు వేడికి గడ్డి అంటుకుంటుంది; మంటలార్పే సీసాను సీటు కింద కాక చేతికి అందే చోట ఉంచుకోండి.

రేగడి_నేల

ముగ్గురికీ కృతజ్ఞతలు. శనివారం మళ్ళీ వెళ్ళి ఈసారి తలుపులు తెరిచి చీటీలు చదివాను. నేను మనసుపడ్డ ఆఫ్‌రోడ్ టకోమా చీటీమీద 520 కిలోలే ఉండడంతో దాని ఆశ అక్కడే వదులుకున్నాను. ఫ్రాంటియర్ ఇంజన్ నాకు నిజంగా నచ్చింది, 3.8 లీటర్ల వి6, టర్బో లేదు, పదేళ్ళు ఉంచుకునేవాడికి అది ఓదార్పు. కాని ఆటో స్థానం లేదు. చివరికి రిడ్జ్‌లైన్, రేంజర్ల మధ్య నిలిచాను. తొట్టి చక్రపుగూళ్ళ మధ్య నాలుగడుగుల ప్లైవుడ్ పలక రెండింటిలోనూ బల్లపరుపుగా పడుతుంది కనుక అక్కడ తేడా తేలలేదు. మార్చి, ఏప్రిల్ నెలల్లో నేను తిరిగే దారులు లెక్కవేసుకుంటే పప్పుశనగ గారి గాడి మాటే నిజమనిపిస్తోంది. రెండేళ్ళు వాడిన 4ఎ ఉన్న రేంజర్ ఒకటి సస్కటూన్‌లో దొరికింది, కాకపోతే అది బ్రిటిష్ కొలంబియా సముద్రతీరం నుంచి వచ్చిన బండి. దానికి కొనేముందు ఏమి చూసుకోవాలి?

రెంచి

తీరప్రాంతపు బండికి మొదటి అనుమానం తుప్పు. లిఫ్టు మీద ఎత్తించి ఫ్రేము లోపలివైపు, బ్రేకు గొట్టాలు, వెనుక స్ప్రింగుల కొక్కేలు టార్చితో చూడండి. బాగుంటే ఈ శరత్తులోనే నూనె ఆధారిత తుప్పుపూత వేయించి, ఏటా వేయించండి.

రెండవది చలి. ముందు జాలీలోంచి ప్లగ్గు తీగ వేలాడుతోందో లేదో చూడండి. తీరంలో ఎవరికీ ఇంజన్‌ను వెచ్చగా ఉంచే బ్లాక్ హీటరు అవసరం ఉండదు గనుక కొన్నవారు తీసుకుని ఉండకపోవచ్చు. లేకపోతే బేరంలోనే బిగించి ఇమ్మనండి. రాత్రంతా పెట్టనవసరం లేదు. బయలుదేరడానికి నాలుగు గంటల ముందు వెలిగేలా టైమరు పెడితే చాలు. కూలెంటును కొలిపించండి. సగం నీరు, సగం యాంటీఫ్రీజ్ ద్రవం కలిపినది మైనస్ 37 దాకానే కాస్తుంది; మీ ఊరికి నూటికి అరవై పాళ్ళు ద్రవం ఉండాలి. బ్యాటరీ మీద కోల్డ్ క్రాంకింగ్ ఆంపియర్లని రాసిన అంకె మైనస్ 18 దగ్గర కొలిచినది, మీరు స్టార్టు చేసేది మైనస్ 35 దగ్గర. కనుక ఆ బ్యాటరీ గూటిలో పట్టేవాటిలో అన్నిటికంటే పెద్ద అంకె ఉన్నది వేయించండి. గారేజీలో నింపిన గాలి బయటి చలికి ప్రతి ఐదారు డిగ్రీలకూ ఒక పి.ఎస్.ఐ. చొప్పున తగ్గుతుంది కాబట్టి మొదటి గట్టి చలి వచ్చిన ఉదయం, బండి ఆరుబయట నిలిచి ఉండగానే, టైర్లు కొలుచుకోండి.